విత్తన ఆలుగడ్డకు మొలక తెప్పించి నాటడం ఎలా?

ఆశ్వయుజ మాసం వచ్చిందంటే ఆలుగడ్డ వేసే రైతులూ, మిద్దెతోట పెంచేవారూ అడిగే ప్రశ్న ఒకటే. కోల్డ్ స్టోరేజ్ నుంచి తెచ్చిన విత్తనాన్ని తెచ్చినట్టే నాటవచ్చా, లేక మొలక తెప్పించి నాటాలా? తెప్పించాలంటే చీకట్లో పెట్టాలా, ఎండలో పెట్టాలా? మొలక తెప్పించే నాటాలి. అందుకు గడ్డను చీకట్లోనూ ఎండలోనూ కాకుండా, నీడ ఉండి వెలుతురు బాగా వచ్చే చోట పది నుంచి పదిహేను రోజులు పరచి ఉంచాలి. మిగతా వివరాలన్నీ ఈ ఒక్క పనిని చెడగొట్టుకోకుండా చేయడానికే.

మన ప్రాంతంలో ఈ పదిహేను రోజులకు ఇంత విలువ ఎందుకో ముందు చెప్పాలి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల కంటే తగ్గినప్పుడే ఆలుగడ్డ మొక్క కింద గడ్డ సరిగా ఊరుతుంది. జహీరాబాద్, కోహీర్ వైపు ఎర్ర నేలల్లో ఆ చలి నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి పక్షం దాకా ఉంటుంది. ఫిబ్రవరి చివరికి ఎండ ముదిరితే మొక్క పచ్చగానే కనిపించినా గడ్డ పెరుగుదల మందగిస్తుంది. మొలక లేని గడ్డను నాటితే మొక్క పైకి రావడానికి మూడు వారాలు పట్టవచ్చు, మొలకెత్తిన గడ్డ అయితే పది పన్నెండు రోజుల్లోనే మట్టిని చీల్చుకుని వస్తుంది. అలా మిగిలిన వారం పది రోజులూ చలికాలంలోనే కలిసి వస్తాయి. ఆగ్రా వైపు ప్రధాన పంటను ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్వుతారు కాబట్టి, అంతకు ముందే మన సరుకు మార్కెట్టుకు చేరితే ధరలోనూ ఆ తేడా తెలుస్తుంది. చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో దీన్ని ఉర్లగడ్డ అంటారు, కోస్తాలో బంగాళాదుంప అంటారు. పేరు ఏదైనా మొలక తెప్పించే పద్ధతి ఒక్కటే.

కావలసినవి

విత్తన గడ్డలు: ఒక్కొక్కటి 30 నుంచి 50 గ్రాముల బరువుతో, కోడిగుడ్డంత ఉండాలి. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, గడ్డల మధ్య 20 సెంటీమీటర్లు ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 33,700 గడ్డలు పడతాయి. సగటు బరువు 40 గ్రాములు అనుకుంటే అది దాదాపు పదమూడున్నర క్వింటాళ్లు. కుళ్లిపోయేవాటికీ ఏరిపారేసేవాటికీ కలిపి మరో అర క్వింటాలు ఎక్కువ తెచ్చుకోవడం మంచిది.

చోటు: పైకప్పు ఉండి, రెండు వైపుల నుంచి గాలి ఆడే వసారా, పాక లేదా షెడ్డు కావాలి. రెండు పొరలుగా పరిస్తే ఎకరం విత్తనానికి ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు ఉన్న చోటు సరిపోతుంది. పాకలో అంతకు ముందు యూరియా గాని కలుపు మందులు గాని నిలువ చేసి ఉంటే ఆ చోటు వద్దు.

పరచడానికి గోనె పట్టాలు, చాపలు లేదా పొడి వరిగడ్డి వాడవచ్చు. టమాటా క్రేట్లు ఉంటే మరీ మంచిది. అయితే ఒక్కో క్రేటులో రెండు పొరలే, అంటే సుమారు పది కిలోలే పరచాలి కాబట్టి ఎకరం విత్తనానికి 130కి పైగా క్రేట్లు కావాలి. అన్ని లేనివారు నేల మీద పట్టాలు పరచుకుంటే చాలు.

గడ్డలను కోయదలచుకుంటే పదునైన కత్తులు రెండు, పొటాషియం పర్మాంగనేటు, మాంకోజెబ్ మందు, చేతి తొడుగులు సిద్ధం చేసుకోవాలి.

విత్తనం కొనేటప్పుడు సంచికి కుట్టిన చీటీ చూడండి. ఫౌండేషన్ విత్తనానికి తెల్ల చీటీ, ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ ఉంటాయి. చీటీ లేని సరుకే దొరికితే కనీసం నాలుగైదు సంచులు విప్పించి, అడుగున ఉన్న గడ్డలను కూడా చూశాకే డబ్బు చెల్లించండి. కూర కోసం అమ్మే గడ్డలను పొలానికి తేవద్దు. వాటిలో కొన్నింటికి మొలక రాకుండా సీఐపీసీ మందు పొగ పట్టించి ఉంటారు. అటువంటివి పదిహేను రోజులు కాదు, నెల రోజులు పరచినా సరిగా మొలకెత్తవు.

చేసే విధానం

1. నాటే తేదీని ముందు నిర్ణయించి, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టండి. జహీరాబాద్ ప్రాంతంలో చిత్త కార్తె చివరి రోజుల నుంచి విశాఖ కార్తె వరకు, అంటే అక్టోబరు మూడో వారం నుంచి నవంబరు మధ్య వరకు నాటుకోవచ్చు. మీరు అక్టోబరు 28న నాటాలనుకుంటే 13వ తేదీ నాటికి గడ్డ కోల్డ్ స్టోరేజ్ నుంచి బయటికి రావాలి. దుక్కి పూర్తికాకముందే, బోరులో నీళ్లు చూసుకోకముందే విత్తనం తెచ్చేసి, తర్వాత వాన పడి పొలం ఆరక, మొలకలు జానెడు సాగిపోయాయని బాధపడేవారే ప్రతి ఏడూ ఎక్కువ. పొలం తయారైన వారానికి విత్తనం వచ్చినా నష్టం లేదు. విత్తనం వచ్చిన నెలకు పొలం తయారైతే మాత్రం నష్టమే.

2. చల్లదనం నుంచి గడ్డను నెమ్మదిగా బయటికి తీసుకురండి. కోల్డ్ స్టోరేజ్‌లో ఉష్ణోగ్రత 2 నుంచి 4 డిగ్రీలు ఉంటుంది. అక్కడి నుంచి సంచులను నేరుగా ఎండలో నిలిపిన లారీలోకి ఎక్కిస్తే గడ్డకు చెమట పట్టి ఆ తడిలో కుళ్లు మొదలవుతుంది. కోల్డ్ స్టోరేజ్ ముందు గదిలో ఒకటి రెండు రోజులు ఉంచి ఇమ్మని అడగండి. అందుకు వీలుకాకపోతే సాయంత్రం ఎత్తించి రాత్రి ప్రయాణం చేయించండి. దించిన వెంటనే సంచుల మూతులు విప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నీడలో విడివిడిగా నిలబెట్టండి.

ఈ విషయంలో నేను ఒకసారి దెబ్బతిన్నాను. అర్ధరాత్రి వచ్చిన లోడును దించే మనుషులు దొరకక, వాన భయంతో టార్పాలిన్ కప్పి మర్నాడు మధ్యాహ్నం వరకు లారీలోనే ఉంచాను. పైకి చూస్తే ఏ గడ్డకూ మచ్చ లేదు. కోస్తే మాత్రం చాలా గడ్డల నడిమి భాగం బొగ్గులా నల్లబడి ఉంది. గాలి ఆడక, వేడి పెరిగి, లోపలి కణాలకు ప్రాణవాయువు అందకపోతే ఇలా అవుతుంది. అటువంటి గడ్డ పైన మొలక వేసినా నేలలో కుళ్లిపోతుంది.

3. పరచే ముందు గడ్డలను ఏరండి. మెత్తబడినవి, దుర్వాసన వచ్చేవి, లోతైన గాయాలున్నవి, చర్మం మీద కడిగినా పోని నల్లని పొక్కులు దట్టంగా ఉన్నవి తీసివేయాలి. తర్వాత, మంచిగా కనిపించే గడ్డలలోనే ఓ ఇరవై తీసుకుని అడ్డంగా కోసి చూడండి. చర్మానికి కొద్దిగా లోపల గోధుమ రంగు వలయం ఉండి, నొక్కితే దాని నుంచి తెల్లని జిగురు ఊరితే అది బాక్టీరియా తెగులు. అలాంటి గడ్డ ఒక్కటి కనిపించినా ఆ లాటు మొత్తాన్ని తిరిగి ఇచ్చేయడమే మంచిది, ఎందుకంటే ఆ తెగులు మట్టిలో చేరి తర్వాత వేసే టమాటా, వంకాయ, మిరపలకు కూడా సోకుతుంది. మట్టి అంటుకున్న గడ్డలను కడగవద్దు, చేత్తో దులిపితే చాలు.

4. కళ్లు, అంటే మొలక పుట్టే చిన్న గుంటలు, ఎక్కువగా ఉన్న వైపు పైకి వచ్చేలా, ఒకటి లేదా రెండు పొరలుగా పరచండి. గడ్డకు ఒక వైపు బొడ్డులాంటి గుంట ఉంటుంది, తల్లిమొక్క వేరు తీగకు అతుక్కున్న చోటు అదే. దానికి ఎదురుగా ఉన్న కొసలో కళ్లు గుంపుగా ఉంటాయి. ఎకరం విత్తనాన్ని ఒక్కొక్కటిగా నిలబెట్టడం జరిగే పని కాదు కాబట్టి రైతులు రెండు పొరలకు మించకుండా చూసుకుంటే చాలు. క్రేట్లలో గాని గుడ్ల అట్టల్లో గాని పెట్టేవారు మాత్రం ఒక్కొక్క గడ్డనూ సర్దుకోవడం మేలు.

5. వెలుతురు అందేలా చూడండి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మొలక అంటే చీకట్లోనే వస్తుందని, పెసలు మూటకట్టినట్టు గడ్డల మీద తడి గోనె కప్పేవారు ఉన్నారు. చీకట్లో మొలక రాకపోదు, వస్తుంది. కాని అది తెల్లగా, సన్నగా, వేలెడు పొడవుకు సాగి ముట్టుకుంటేనే విరిగిపోతుంది. వెలుతురులో వచ్చిన మొలక పొట్టిగా, లావుగా, రకాన్ని బట్టి ఆకుపచ్చగానో ఊదాగానో ఉండి గడ్డను గట్టిగా పట్టుకుని ఉంటుంది. పాకలోకి పగలు వచ్చే వెలుతురులో వార్తాపత్రిక చదవగలిగితే అది సరిపోతుంది. నేరుగా ఎండ పడితే మాత్రం గడ్డ ఉడికినట్టయి చర్మం కమిలిపోతుంది, కాబట్టి పడమటి ఎండ వచ్చే వైపు షేడ్‌నెట్ గాని తడిక గాని కట్టండి. చుట్టూ తెరిచి ఉన్న చెట్టు నీడ కూడా పనికొస్తుంది, అయితే అక్టోబరు వానను, మధ్యాహ్నానికి జరిగిపోయే నీడను నమ్ముకోలేము.

నీళ్లు చల్లకూడదు. గడ్డలో ఉన్న నీరే మొలకకు సరిపోతుంది. గాలి మరీ పొడిగా ఉండి గడ్డలు ముడతలు పడుతున్నాయని అనిపిస్తే, గడ్డల మీద కాక చుట్టూ ఉన్న నేల మీద సాయంత్రం పూట కొద్దిగా నీళ్లు చిలకరించండి.

6. మూడు నాలుగు రోజులకు ఒకసారి కింది పొరను పైకి తిప్పుతూ, కుళ్లిన గడ్డలను తీసివేయండి. కుళ్లిన గడ్డను ముట్టిన చేతితో మంచి గడ్డను ముట్టకుండా ఒకరు ఏరడం, మరొకరు తిప్పడం మేలు. మొలకల మీద పేనుబంక వాలిందేమో కూడా అప్పుడే చూడండి. అది ఒక గడ్డ నుంచి మరో గడ్డకు వైరస్‌ను మోస్తుంది. గడ్డ కన్ను దగ్గర ఇసుక రేణువుల్లాంటి నల్లని రెట్ట కనిపిస్తే అది దుంప చిమ్మట పురుగు పని, ఆ గడ్డలను వెంటనే వేరు చేయాలి.

7. ఒక్క మొలకే వస్తే ఏం చేయాలో నిర్ణయించుకోండి. కొస కన్ను ముందుగా మేల్కొని మిగతా కళ్లను అణచి ఉంచడం ఈ గడ్డ స్వభావం. ఒక్క మొలకతో నాటితే ఒకే కాండం వచ్చి, కింద తక్కువ సంఖ్యలో పెద్ద గడ్డలు ఊరుతాయి. మూడు నాలుగు మొలకలుంటే కాండాలు ఎక్కువై మార్కెట్టుకు సరిపడే మధ్యరకం గడ్డలు ఎక్కువగా వస్తాయి. నాటడానికి ఇంకా పన్నెండు రోజులకు పైగా వ్యవధి ఉంటే ఆ కొస మొలకను బొటనవేలితో రుద్ది తీసివేయండి, మిగతా కళ్లు వారంలో కదులుతాయి. వ్యవధి అంతకంటే తక్కువైతే దాని జోలికి వెళ్లవద్దు. ఈ పని ఒక్కసారికి మించి చేయకూడదు, ఎందుకంటే మొలక తీసిన ప్రతిసారీ గడ్డ తన నిలువ ఆహారంలో కొంత పోగొట్టుకుంటుంది. సంచుల్లోనే మూడు సెంటీమీటర్లకు మించి తెల్లని మొలకలు సాగిన విత్తనం వచ్చినా ఇదే చేయాలి: ఒకసారి తీసివేసి, వెలుతురులో పరచి, కొత్త మొలకల కోసం ఎదురుచూడాలి.

8. గడ్డలు పెద్దవైతేనే కోయండి. 60 గ్రాములకు తక్కువున్న గడ్డను కోయడం దండగ. కోసేటప్పుడు కొస నుంచి బొడ్డు వరకు నిలువుగా కోస్తే రెండు ముక్కలకూ మంచి కళ్లు దక్కుతాయి. ప్రతి ముక్క 25 నుంచి 30 గ్రాములకు తగ్గకుండా, రెండు మూడు కళ్లతో ఉండాలి. రెండు కత్తులు పెట్టుకుని, ఒకటి పర్మాంగనేటు నీళ్లలో నానుతుండగా రెండో దానితో కోస్తూ గడ్డ గడ్డకూ మార్చండి. ముక్కలను లీటరు నీటికి 2.5 గ్రాముల చొప్పున మాంకోజెబ్ కలిపిన ద్రావణంలో పది నిమిషాలు ముంచి తీసి, కోసిన ముఖం తోలు కట్టినట్టు గట్టిపడేదాకా రెండు రోజులు నీడలో ఒకే పొరగా ఆరబెట్టాలి. కళ్లు అప్పుడే కదులుతున్న దశలో కోస్తే ఈ పనంతా సులువు. మొలకలు బాగా వచ్చాక కోసి మందులో ముంచితే సగం మొలకలు అక్కడే రాలిపోతాయి. అక్టోబరులో నేల ఇంకా వేడిగా ఉన్నప్పుడు ముందస్తుగా నాటేవారు కోసిన ముక్కలు అసలే వాడవద్దని నా సలహా. వేడి, తడి రెండూ కలిసిన మట్టిలో ముక్క త్వరగా కుళ్లుతుంది. విత్తనం మీద మిగుల్చుకున్న డబ్బు సాళ్లలో ఖాళీలుగా కనిపిస్తుంది.

9. మొలకలు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు వరకు పెరిగాక నాటండి. పొలానికి సంచుల్లో కాకుండా క్రేట్లలో గాని వెడల్పాటి గంపల్లో గాని తీసుకెళ్లాలి, పై నుంచి గుమ్మరించకూడదు. ట్రాక్టరు ప్లాంటరుతో నాటేవారికి అర సెంటీమీటరు మొలకే మంచిది, అంతకంటే పొడవైతే యంత్రంలో విరుగుతుంది. చేత్తో నాటేటప్పుడు మొలక పైకి ఉండేలా పెట్టి, గడ్డ మీద ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మట్టి పడేలా బోదె కట్టాలి. నేలలో పదును ఉండాలి కాని బురద ఉండకూడదు. మట్టిని పిడికిట పట్టి వదిలితే ముద్ద నిలిచి, వేలితో తాకగానే విడిపోవాలి. మొదటి తడి పలుచగా ఇచ్చి, నీరు బోదె ఎత్తులో మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోండి.

వాన వచ్చి నాటడం ఆగిపోతే

మొలకలు సిద్ధంగా ఉండి పొలం తడిగా ఉంటే కంగారుపడి గడ్డలను మళ్లీ సంచుల్లోకి ఎత్తవద్దు. వాటిని ఒకే పొరగా పలుచన చేసి, వెలుతురు ఇంకా పెంచండి. వెలుతురు ఎంత ఎక్కువైతే మొలక అంత నెమ్మదిగా సాగుతుంది. ఈ విధంగా మరో వారం పది రోజులు నెట్టుకురావచ్చు. ఆ తర్వాత గడ్డ వడలడం మొదలవుతుంది. మరీ ముదిరిన విత్తనాన్ని నాటితే మొక్క తొందరగా పండుబారి దిగుబడి తగ్గుతుంది. ఒక్కోసారి మొక్క పైకి రాకుండానే మట్టిలో మొలకకే గోలీల్లాంటి చిన్న గడ్డలు కాస్తాయి.

పదిహేను రోజులైనా కళ్లు కదలకపోతే

అది కొత్తగా తవ్విన విత్తనం కావచ్చు. తవ్విన తర్వాత ఆలుగడ్డ రకాన్ని బట్టి రెండు నెలలకు అటూ ఇటూగా నిద్రలో ఉంటుంది, ఆ కాలం తీరనిదే ఎంత వెలుతురు ఇచ్చినా ప్రయోజనం ఉండదు. వేసవి అంతా కోల్డ్ స్టోరేజ్‌లో ఉన్న విత్తనానికి ఈ ఇబ్బంది సాధారణంగా రాదు. తప్పనిసరైతే కోసిన ముక్కలను లీటరుకు పది గ్రాముల థయోయూరియా కలిపిన నీటిలో గంటసేపు ఉంచి నాటే పద్ధతి ఒకటి ఉంది. జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని కూడా వాడతారు గాని దాని మోతాదు ఏమాత్రం ఎక్కువైనా మొలకలు తీగల్లా సాగుతాయి కాబట్టి, వ్యవసాయ అధికారిని అడగకుండా సొంతంగా కలపవద్దు.

ఫలితం సరిచూసుకోవడం

నాటే ముందురోజు పాక నాలుగు మూలల నుంచీ మధ్య నుంచీ ఇరవై చొప్పున వంద గడ్డలు తీసి లెక్కపెట్టండి. నా లెక్క ప్రకారం ఎనభై ఐదింటికైనా మొలక ఉండాలి, వాటిలో సగానికి పైగా గడ్డలకు రెండు లేదా అంతకంటే ఎక్కువ మొలకలు ఉండాలి. డెబ్బైకి తగ్గితే మరో నాలుగు రోజులు ఆగడం మంచిది. తర్వాత ఒక గడ్డను మొలకలు కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా కుదపండి. మొలకలు రాలకపోతే అవి వెలుతురులో పెరిగినట్టే. దారం వంటి సన్నని మొలకలు వచ్చిన గడ్డలు వేరుగా తీసివేయాలి. పక్క గడ్డలకు లావు మొలకలు వచ్చి, అదే వెలుతురులో ఉన్న ఒక గడ్డకు మాత్రం దారాలు వచ్చాయంటే అది తెగులు సోకిన గడ్డ అనుకోవాలి.

పొలంలో రెండో పరీక్ష నాటిన పదిహేనో రోజున చేయండి. పది మీటర్ల సాలులో 20 సెంటీమీటర్ల ఎడంతో యాభై గడ్డలు పడి ఉంటాయి. నలభై ఐదు పైకి వచ్చి ఉంటే పని బాగా జరిగినట్టు. అంతకంటే తక్కువగా ఉంటే మొక్క రాని చోట తవ్వి చూడండి. గడ్డ మెత్తబడి ఉంటే తడి ఎక్కువైంది లేదా కోత ముఖం ఆరలేదు. గడ్డ గట్టిగా ఉండి మొలక విరిగి ఉంటే నాటేటప్పుడు జాగ్రత్త లోపించింది. మొలక వంకరలు తిరుగుతూ మట్టిలోనే ఉంటే లోతు ఎక్కువైంది.

రకాల విషయంలో ఒక మాట. త్వరగా కోతకు రావడమే మీ ఉద్దేశమైతే కుఫ్రీ చంద్రముఖి, కుఫ్రీ పుఖ్‌రాజ్ వంటి స్వల్పకాలిక రకాలకు మొలక తెప్పించి నాటండి. వేడిని కొంత తట్టుకునే కుఫ్రీ సూర్య 2006లో విడుదలైంది, అక్టోబరులోనే నాటేవారు దాన్ని పరిశీలించవచ్చు. ఈ పేర్లన్నింటి ముందూ ఉన్న కుఫ్రీ సిమ్లా దగ్గరి ఒక కొండ ఊరు పేరు. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఉన్నది సిమ్లాలోనే.

మిద్దెతోటల వారికి, విదేశాల్లో ఉన్నవారికి

పది పన్నెండు గడ్డలు చాలనుకునేవారు కోడిగుడ్ల అట్టలో కొస పైకి ఉండేలా పెట్టి, తూర్పు కిటికీ పక్కన నేరుగా ఎండ తగలని చోట ఉంచండి. వంటింట్లో దానంతటదే మొలకెత్తిన గడ్డను కుండీలో వేసుకోవచ్చు, కాని వైరస్ భయం ఉంటుంది కాబట్టి దాన్ని పొలం దరిదాపులకు తీసుకెళ్లవద్దు. బ్రిటన్‌లో ఉండే మనవాళ్లు అక్కడి పద్ధతి ప్రకారం ఫిబ్రవరిలో మొదలుపెట్టి, పది డిగ్రీల చల్లని గదిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి, మంచు భయం తగ్గాక నాటుతారు. అక్కడ చల్లదనం వల్ల మొలక నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఆ గడువు అక్కడికే సరిపోతుంది. ఆ వీడియోలు చూసి హైదరాబాదులో ఆరు వారాలు ఉంచితే గడ్డ వడలి పోతుంది. ఇక్కడి అక్టోబరు వేడికి రెండు వారాలు చాలు.

నాటగా మిగిలిన మొలక గడ్డలను కూరకు వాడకండి. వెలుతురులో పచ్చబడిన గడ్డలోనూ మొలకలోనూ సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, ఉడికించినా అది పోదు. పశువుల ముందు కూడా పోయవద్దు. ఒక క్రేటు గడ్డలను ఖాళీలు పూరించడానికి పక్కన పెట్టుకుని, మిగిలినవాటిని ఏరిపారేసిన కుళ్లు గడ్డలతో కలిపి పొలానికి దూరంగా లోతైన గుంతలో పూడ్చివేయండి.